ఏ దారిన వచ్చింది?

(టెక్కలిలో ఒక సైన్సు మాస్టారి సంస్మరణ సభలో చేసిన ఉపన్యాసం)



ఎవరి స్మృతిలో ఇక్కడ కూడామో ఆయన పేరు వెనక బ్యానరు మీద ఉంది. నేను మాత్రం మాస్టారు అనే అంటాను. సోంపేట నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఆయన పనిచేసిన ఊళ్లన్నిటా ఆ పిలుపే చెల్లింది. కుటుంబ సభ్యుల కోరిక మీద అచ్చులోనూ అలాగే ఉంచుతున్నాను. ఆయన దగ్గర జీవశాస్త్రం చదువుకుని, ఆరోగ్యశాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి నేను. కాబట్టి ఈ ఉపన్యాసంలో సగం ఆయన చెప్పింది, సగం ఆ తర్వాత నేను చూసింది.

బడిపిల్లలకు సూక్ష్మజీవుల గురించి, రోగాల గురించి, శుభ్రత గురించి ఎలా చెప్పాలి అన్నది నాకిచ్చిన విషయం. మన బడుల్లో ఇందుకు రెండు పద్ధతులున్నాయి. ఒకటి పరీక్ష పద్ధతి. మలేరియాకు ప్లాస్మోడియం, కలరాకు విబ్రియో అని జతపరచండి, అయిదు మార్కులు. రెండోది ప్రార్థన పద్ధతి. పొద్దున్నే వరసలో నిలబెట్టి గోళ్లు చూడటం, పెరిగినవాడి వేళ్ల మీద స్కేలుతో ఒకటి వెయ్యడం. మొదటి పద్ధతిలో రోగం ఒక లాటిన్ పేరు, రెండో పద్ధతిలో ఒక నేరం. మాస్టారికి రెండూ గిట్టేవి కావు. రెండ్రోజులు బడికి రాని పిల్లడు మూడోనాడు వస్తే ఎందుకు మానేశావని ఆయన అడిగేవారు కాదు. "ఏటొచ్చిందిరా? ఏ దారిన వచ్చింది?" అనేవారు.

ఆ రెండో ప్రశ్నే ఆయన బోధన మొత్తం. హాజరుపట్టీ చివరి పేజీల్లో ఆయన ఒక లెక్క రాసుకునేవారు. ఎవరు ఏ జబ్బుతో రాలేదు, వాళ్లది ఏ వీధి, ఏ నూతి నీళ్లు తాగుతారు. విరేచనాలు, కళ్లకలక, గజ్జి, చలిజ్వరం, అమ్మవారు, అన్నీ పిల్లలు చెప్పిన మాటల్లోనే ఉండేవి. నెలాఖరున ఊరి పటం నల్లబల్ల మీద గీసి, ఆ ఇళ్ల దగ్గర చుక్కలు పెట్టించేవారు. చుక్కలు ఒక నూతి చుట్టూ ముసిరితే క్లాసులో ఎవరో ఒకరు గట్టిగా ఊపిరి పీల్చేవారు. 1854లో లండన్లో జాన్ స్నో అనే డాక్టరు చేసిందీ ఇదే. కలరా చావులు ఏ ఇళ్లలో జరిగాయో వెతుక్కుంటూ బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు దగ్గరికి చేరాడు, దాని పిడి తీయించాడు, తర్వాత ఆ చావులను వీధిపటం మీద గుర్తుపెట్టి చూపించాడు. రాబర్ట్ కోచ్ అనే శాస్త్రవేత్త కలరా క్రిమిని వేరుచేసి చూపించింది 1884 ప్రాంతంలో. అంటే క్రిమి పేరు లోకానికి తెలియడానికి ముప్పై ఏళ్ల ముందే దాని దారి దొరికింది, దారి మూయడమూ జరిగింది. జతపరచండి ప్రశ్నకి అయిదు మార్కులు ఇచ్చే పెద్దలు ఈ వరస గమనించాలి.

ఒక్కో జబ్బుది ఒక్కో దారి. పిల్లలకు "శుభ్రంగా ఉండండి" అని ఒకే మందు పోస్తే ఈ తేడా వాళ్లకు అందదు. మన ఉద్దానం ప్రాంతాన్నే తీసుకోండి. కొబ్బరి, జీడి, పనస తోటల కింద ఇసకనేల, ఎప్పుడూ నీడ, ఎప్పుడూ చెమ్మ. కొంకి పురుగు పిల్లలకి అంతకంటే మంచి చోటు ఉండదు. అవి నోట్లోంచి కాదు, ఉత్త పాదాల చర్మం గుండా ఒంట్లోకి దూరతాయి, పేగులకి అతుక్కుని రక్తం తాగుతాయి. తోటలోకి చెంబట్టుకుని వెళ్లే ఊళ్లో, చెప్పుల్లేని పిల్లడు రోజుకి పదిసార్లు చేతులు కడుక్కున్నా రక్తహీనత పోదు. అక్కడ దారి మూసేవి మరుగుదొడ్డి, చెప్పులు. ఫిబ్రవరి 10న, మళ్లీ ఆగస్టులో బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఉన్న పురుగుని దింపుతుందే తప్ప, కొత్త పురుగుని ఆపదు. ఈ మాట మాత్ర చేతిలో పెట్టేటప్పుడు చెప్పేవాళ్లు ఎంతమంది?

బోదకాలు దారి మరొకటి. శ్రీకాకుళం తీరానికి ఈ జబ్బు పాత చుట్టం. ఆరోగ్యశాఖ వాళ్లు రాత్రిళ్లు వచ్చి వేలు పొడిచి రక్తపూత తీసుకునేది ఎందుకో మాస్టారు చెప్పిన రోజు నాకింకా గుర్తే. ఫైలేరియా పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి చర్మం దగ్గర రక్తనాళాల్లోకి వస్తాయి. వాటిని మోసుకెళ్లే క్యూలెక్స్ దోమ కుట్టేది రాత్రే మరి. దోమ వేళకి పురుగు వేళ కుదిరింది. ఆ దోమ పుట్టేది మురుగుకాలవలో. డెంగ్యూ దోమ ఎండకాసే వేళ కుడుతుంది, ఇంట్లో తొట్టెల్లోని మంచినీళ్లలో పుడుతుంది. మలేరియా దోమ సంగతి సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ తేల్చాడు. దోమలన్నీ ఒకటి కావు, కుండీలన్నీ ఒకటి కావు అని తెలిసిన పిల్లకి ఏ నీళ్లు పారబోయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

బోదకాలుకి ఊరూరా మింగించే డీఈసీ మాత్ర వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నడిపించిన పరిశోధనలోంచే 1947లో హెట్రజాన్ పేరుతో ఆ మాత్ర వచ్చింది, మరుసటేడు ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. తోబుట్టువులను స్ప్రూ అనే పేగుజబ్బుకి పోగొట్టుకున్న మనిషి ఆయన. మన పిల్లలు ఆయన పేరు వ్యాసరచన పోటీల్లో రాస్తారు. ఆ మాత్ర తమ గుమ్మంలోకి వచ్చినప్పుడు మాత్రం ఆ పేరుకీ ఈ మాత్రకీ ముడి పెట్టి చెప్పేవాళ్లు ఉండరు. మాత్ర చాటుగా పెరట్లో పడిపోతుంది.

చేతుల సంగతికి వస్తాను. పలాస, కాశీబుగ్గల్లో జీడి పరిశ్రమలు వందల్లో ఉన్నాయి. అక్కడ పిక్క కొట్టే ఆడవాళ్ల చేతులు మీరందరూ చూసినవే. జీడితొక్కలోని నూనె ఒంటికి తగిలితే కాలుతుంది, బొబ్బలెక్కుతుంది, చర్మం నల్లబడి పొరలుగా లేస్తుంది. నూనెగానీ బూడిదగానీ పూసుకుని పని చేసినా ఆ నలుపు నెలల తరబడి పోదు. ఇళ్ల దగ్గర తల్లికి సాయం చేసిన పిల్లల వేళ్లూ అలాగే ఉంటాయి. గోళ్లు చూసే ప్రార్థనలో దెబ్బలు తినేది ఎప్పుడూ వాళ్లే. ఒకసారి ఒక కొత్త ఉపాధ్యాయుడు ఇలాంటి అమ్మాయిని "మురికి చేతులు" అని అందరి ముందూ అంటే, మాస్టారు ఆయన్ని ఏమీ అనలేదు. మధ్యాహ్నం క్లాసులో ఉడికించిన బంగాళాదుంపను ముక్కలు కోయించి, మరగబెట్టిన సీసాల్లో పెట్టించారు. ఒక ముక్క మీద ఆ అమ్మాయి సబ్బుతో కడుక్కున్న నల్లవేలు అద్దించారు. ఇంకోదాని మీద తెల్లగా, శుభ్రంగా కనిపించే ఒక అబ్బాయి వేలు, కడక్కుండా. మూడోదాన్ని ఎవరూ ముట్టలేదు. మూతలు బిగించి, చీటీలు అంటించి బీరువా మీద పెట్టారు. మూడోరోజుకి తెల్లవేలి ముక్క మీద పసుపు, బూడిదరంగు చుక్కలు గుంపులుగా లేచాయి. నల్లవేలి ముక్క మీద ఒకటో రెండో. ఎవరినీ ఏమీ అనకుండా ఆయన ఆ సీసాలను వరసగా బల్ల మీద పెట్టి ఊరుకున్నారు.

ఇది ఆయన కనిపెట్టిన తమాషా కాదు. రాబర్ట్ కోచ్ మొదట్లో క్రిముల్ని విడివిడిగా పెంచింది ఉడికిన బంగాళాదుంప ముక్కల మీదే. తర్వాత అగర్ వచ్చింది. అదీ ఒక వంటింటి సలహాయే. కోచ్ ప్రయోగశాలలో పనిచేసిన వాల్తర్ హెస్సే భార్య ఫానీ హెస్సే, తాను జెల్లీ గట్టిపడటానికి వాడే సముద్రపునాచు సరుకును వాడి చూడమంది. సైన్సు ల్యాబు లేదని, సామాను రాలేదని చెప్పే ఉపాధ్యాయ మిత్రులకు ఇది విన్నవించుకుంటున్నాను. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఆ సీసాల మూత మళ్లీ తీయకూడదు. బ్లీచింగ్ నీళ్లలో ముంచి లోతుగా పాతెయ్యాలి. పిల్లలు వాసన చూస్తామంటారు, చూడనివ్వకండి.

కనబడే మురికి వేరు, కనబడని క్రిమి వేరు. పిల్లల పాఠం అక్కడ మొదలవ్వాలి. ఒక మిల్లీమీటరులో వెయ్యి పట్టేంత చిన్నవి బ్యాక్టీరియా. వెచ్చగా, తిండి దొరికే చోట ఈ.కోలై లాంటిది ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. మాస్టారు దీన్ని లెక్కల పీరియడ్‌లో చేయించేవారు. పొద్దున్న ఎనిమిదింటికి వండిన కూరలో ఒక్కటి పడితే, మధ్యాహ్నం మూడింటికి ఎన్ని? ఇరవై ఒక్కసార్లు రెట్టించాలి. జవాబు 20,97,152. ఆ సంఖ్య చదవడానికి నోరు తిరగక పిల్లలు నవ్వేవారు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి తల్లిని "కూర ఎప్పుడు వండేవే?" అని అడిగేవారు. కొందరు తల్లులు వచ్చి మాస్టారితో పేచీ కూడా పెట్టుకున్నారు.

అలాగని క్రిములంటే భయపెట్టడం ఆయనకి నచ్చదు. పాలు మూడు గిన్నెల్లో పోయించి, మరుగుతున్నదాంట్లో, గోరువెచ్చటిదాంట్లో, చల్లటిదాంట్లో తోడు వేయించేవారు. ఒక్కదాంట్లోనే పెరుగు తోడుకుంటుంది, ఎందుకో పిల్లలే చెప్పాలి. గీత కార్మికుడి కొడుకుని లేపి, తెల్లారగట్ల తియ్యగా ఉన్న నీరా ఎండెక్కేసరికి ఎందుకు పులుస్తుందని అడిగేవారు. ఆ పీరియడ్‌లో వాడే మాస్టారు. చద్దన్నం పులవడానికి, కూర పాడవడానికి తేడా ఏమిటో తేల్చే పని తరగతి మొత్తానికి అప్పగించేవారు. మంచి క్రిమి, చెడ్డ క్రిమి అని గోడమీద రెండు రంగుల్లో బొమ్మలేయడం కంటే ఇది మేలు.

సబ్బు ఎందుకన్నదానికి ఆయన పాఠం మరీ చవక. ఒకడి అరచేతికి నూనె రాసి పసుపు అద్దడం, వాణ్ణి పక్కవాడితో చెయ్యి కలపమనడం, ఆ పక్కవాడు ఇంకొకడితో. ఎనిమిదో చేతి దాకా పచ్చదనం కనిపించేది. తర్వాత కొందరు ఉత్త నీళ్లతో, కొందరు సబ్బుతో కడగాలి. ఉత్త నీళ్లకి నూనె లొంగదు. కొన్ని వైరసుల చుట్టూ ఉండే కొవ్వుపొరను సబ్బు విప్పేస్తుందని, మిగతావాటిని చర్మం మీంచి లేపి నీళ్లతో పంపేస్తుందని అప్పుడు చెబితే బుర్రకెక్కుతుంది. వేళ్ల సందులు, గోళ్ల కింద, బొటనవేలు, కనీసం ఇరవై సెకన్లు. వియన్నాలో 1847లోనే సెమ్మెల్వైస్ అనే డాక్టరు, శవపరీక్షలు చేసిన చేతుల్ని క్లోరిన్ నీళ్లతో కడిగించి బాలింతల చావుల్ని తగ్గించి చూపించాడు. తోటి డాక్టర్లు ఒప్పుకోలేదు. పెద్దమనుషుల చేతులు మురికివని అనడమేమిటని వాళ్ల కోపం. గోళ్ల పరీక్షలో మనం చేసే పొరపాటే అది, తలకిందులుగా.

ఇప్పుడు అసలైన మాటకి వస్తున్నాను. ఉద్దానంలో ఈ పాఠం చెప్పడం వేరే ఊళ్లో చెప్పడం లాంటిది కాదు. ఇక్కడ ప్రతి తరగతి గదిలోనూ కిడ్నీ జబ్బుతో తండ్రినో తాతనో పోగొట్టుకున్న పిల్లలు ఉంటారు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, ఇచ్ఛాపురం, ఎటు వెళ్లినా అంతే. డాక్టర్ టి. రవిరాజు లాంటి నెఫ్రాలజిస్టులు ఈ జబ్బు మీద లోకం దృష్టి పడేలా చేశారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, నికరాగువా, ఎల్ సాల్వడోర్ చెరకుతోటల్లో కూడా ఇలాంటిదే ఉంది. షుగరూ బీపీ లేని కష్టజీవికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో, నీళ్లా, ఎండలో ఒళ్లు ఎండిపోవడమా, పురుగుమందులా, ఇవన్నీ కలిసా, ఇప్పటికీ ఒక్క కారణమని ఎవరూ రుజువు చెయ్యలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల రూపాయల మంచినీటి పథకమూ ఆ రోజే మొదలైంది.

"కిడ్నీ జబ్బు అంటుకుంటుందా మాస్టారూ?" అని ఒక పిల్ల అడిగింది. వాళ్ల అక్కకి కుదిరిన సంబంధం, తండ్రికి డయాలసిస్ అని తెలిసి తప్పిపోయింది. సూక్ష్మజీవుల పాఠంలో "అంటనివి" అనే అధ్యాయం ఎందుకు ఉండాలో ఆ రోజు మాస్టారికి తెలిసింది. కంచంలో తింటే రాదు, పక్కన పడుకుంటే రాదు, పెళ్లి చేసుకుంటే రాదు. దీని వెనక ఒకరి నుంచి ఒకరికి పాకే క్రిమి లేదు. ఏ జబ్బు ఏ దారిన వస్తుందో నేర్పడం ఎంత అవసరమో, ఏది ఏ దారినా ఒకరి నుంచి ఒకరికి రాదో నేర్పడమూ అంతే అవసరం. పుస్తకంలో ఇది లేదు. మన జిల్లా పిల్లలకి మనమే చెప్పాలి.

నీళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. నూతినీళ్లంటే భయం పుట్టాక మన ఊళ్లు ఆర్వో టిన్నుల మీద పడ్డాయి. తప్పులేదు. ఆర్వో నీళ్లలోని లవణాల్ని తీస్తుంది. కానీ ఆ నీళ్లని మూతలేని బిందెలో పోసి, చేత్తో గ్లాసు ముంచితే, ప్లాంటులో పెట్టిన ఖర్చు వేలికొసన పోతుంది. ఇక మరగబెడితే క్రిములు చస్తాయి, కరిగిన లవణాలు ఎక్కడికీ పోవు, కాస్త చిక్కబడతాయి కూడా. వడపోత ఒకందుకు, మరగబెట్టడం ఒకందుకు, మూత, పిడి ఉన్న గరిటె ఇంకొకందుకు. "ప్యూర్ నీళ్లు" అన్న ఒక్కమాటలో మనం ఈ మూడింటినీ కలిపేశాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస మీంచి పోయినప్పుడు కొబ్బరి, జీడి చెట్లే కాదు, కరెంటు స్తంభాలూ కూలాయి. రోజుల తరబడి మోటార్లు ఆడలేదు, ప్లాంట్లు ఆడలేదు. జనం పాత నూతుల దగ్గరికే వెళ్లారు. ఆ నాళ్లలో కావలసిన విద్య మరగబెట్టడం, క్లోరిన్ బిళ్ల వెయ్యడం. తీరప్రాంతం పిల్లలకి ఇది తుపానుకి ముందే తెలిసుండాలి.

విరేచనాల గురించి చెప్పేటప్పుడు కిడ్నీల ఊసెత్తడానికి మాస్టారు వెనకాడేవారు కాదు. ఒళ్లు నీరు కోల్పోతే మొదట దెబ్బతినేవాటిలో అవి ఉంటాయి. కలరా మనిషిని ఎండబెట్టి చంపేది తన విషంతో అని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే చూపించారు. 1971లో బొన్‌గావ్ శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, నూటికి ముప్పై దాకా ఉన్న చావుల్ని నాలుగు లోపుకి దించారు. లీటరు మంచినీళ్లు, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలన్నీ తలకొట్టి. ఇది ఎక్కం లాగా నోటికి రావాలి. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకి మాత్రం డాక్టరుని అడక్కుండా ఇవ్వకూడదని కూడా ఇక్కడి పిల్లలకి చెప్పాలి.

చివరిగా మందుల మాట. జలుబుకి, ఒళ్లునొప్పులకి ఊరి వైద్యుడి దగ్గర సూది, నాలుగు మాత్రలు, ఇది మన అలవాటు. జలుబు వైరసు పని, యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మందు, ఒకదానికి ఇంకొకటి తగలదు. అనవసరంగా వాడినకొద్దీ మందుకి లొంగని బ్యాక్టీరియా మిగిలి పెరుగుతాయి. అంతకంటే ఇక్కడ ముఖ్యం, డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రలు. అలసిన ఒంటికి, ఎండిన ఒంటికి, అప్పటికే నీరసించిన కిడ్నీకి అవి విషంతో సమానం. జీడితోటలో పనిచేసొచ్చి రోజూ ఒక మాత్ర వేసుకునే తండ్రికి ఇది చెప్పగలిగినది కూతురే, ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు. నా ఉద్యోగంలో నేను తిప్పలేని మొండివాళ్లను పిల్లలు తిప్పడం చాలాసార్లు చూశాను.

తెలుగులో ఈ పని కొత్తది కాదు. వందేళ్ల కిందట కొమర్రాజు లక్ష్మణరావు గారి విజ్ఞాన చంద్రికా మండలి కాలంలోనే ఆచంట లక్ష్మీపతి గారు అంటువ్యాధుల మీద మామూలు పాఠకుల కోసం తెలుగులో రాశారు. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతి గారు 1946లో మద్రాసు ప్రెసిడెన్సీకి ఆరోగ్యమంత్రి అయ్యారు. 1988లో పుట్టిన జనవిజ్ఞాన వేదిక చెకుముకి పత్రికతో, చెకుముకి పోటీలతో ఊరూరా సైన్సు తిప్పింది. మాస్టారి ప్రయోగాలు ఆ గాలిలో పెరిగినవే. ఆయన ఒక్కడే మహానుభావుడని చెప్పడానికి నేను రాలేదు. ఆయనకే అది నచ్చదు.

చేతులు సబ్బుతో కడిగే అలవాటు చేయిస్తే విరేచనాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయని దేశదేశాల అధ్యయనాలు కలిపి చూసినవాళ్లు తేల్చారు. ఏటా అక్టోబరు 15న ప్రపంచ చేతుల పరిశుభ్రత దినం పేరుతో బడుల్లో ఫొటోలు తీస్తున్నాం. ప్రధానోపాధ్యాయులకి, బడి కమిటీలకి, ఈ సభలో ఉన్న దాతలకి నా విన్నపం ఒక్కటే. ఈసారి ఆ రోజున కాకుండా ఏదో ఒక మామూలు మంగళవారం, మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టే వేళకి మీ బడి కుళాయి దగ్గరికి వెళ్లి నిలబడండి. నీళ్లు వస్తున్నాయా, సబ్బు ఉందా, మంచినీళ్ల డ్రమ్ముకి కుళాయి ఉందా, ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం వేసి ఉందా, చూడండి. సబ్బు పిల్లలే ఎత్తుకుపోతున్నారని ఎవరైనా చెబితే, అది వాళ్ల ఇంట్లో సబ్బు లేదన్న సమాచారం అనుకోండి. పిల్లల్ని తిట్టకండి. ఇంకో సబ్బు కొనిపెట్టండి.